ఆమె తొడిగిన కోటు

పార్సిల్ మూడు రోజులు పక్కింటివాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఆఫీసు నుంచి వచ్చి, ఉత్తరాల డబ్బాలో చీటీ చూసి, మళ్ళీ చెప్పులు వేసుకుని పక్కింటి తలుపు తట్టడానికి బద్ధకించాను. నాలుగో రోజు బెర్లిన్ నుంచి ఇమ్రాన్ భాయ్ ఫోన్ చేశాడు.

"ముసలామె పోయిందంట భాయ్. నెల అయిందంట. కింది ఫ్లోరామె చెప్పింది. నీకేదో పంపిన్రంట గద, వచ్చిందా?"

ఏ ముసలామె అని అడగలేదు. బెర్లిన్‌లో ఆ ఇల్లు వదిలి ఈ ఊరు ఎష్‌బోర్న్ వచ్చి ఆరేళ్ళు దాటినా, ముసలామె అంటే మా ఇద్దరికీ ఒక్కతే. ఆమెకి నిజంగానే నూరేళ్ళు నిండాయి. అయ్యో అనిపించలేదు. ముందు భయం వేసింది, ఆ తర్వాత సిగ్గు వేసింది. ఆ వరస ఎందుకో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి. పేరు మాత్రం రాయను. పద్నాలుగు నెలలు ఆమె ఇంట్లో అద్దెకున్నాను, ఆమె నా పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "హెర్ ఇంజనీర్" అని, ఇంజనీరుగారూ అన్నట్టు, పిలిచేది, అంతే.

మొదటిసారి ఇమ్రాన్ భాయే తీసుకెళ్ళాడు. నాకంటే ముందు ఆ గదిలో రెండేళ్ళున్నది అతనే. పెళ్ళయి భార్య వస్తుంటే వేరే ఇల్లు చూసుకున్నాడు. మెట్లెక్కుతుంటే చెవిలో చెప్పాడు.

"ఆమె ముందట నవ్వకు. సారీ అని అసలే అనకు. నిల్చోమంటే నిల్చో, నడువుమంటే నడువు. నా భుజాలు పెద్దగున్నయని నన్ను ఒదిలేసింది. నువ్వు సన్నగున్నవ్, నీకు పడ్తది."

ఏం పడుతుందో అడిగేలోపు తలుపు తెరుచుకుంది. ఎండిన బెండకాయలాంటి మనిషి. మెడలో ముత్యాల దండ ఉండాల్సిన చోట నల్లతాడుకి ఒక స్టాప్‌వాచ్ వేలాడుతోంది. నా ముఖం చూడలేదు. "వెనక్కి తిరగండి" అంది. తిరిగాను. దర్జీవాళ్ళ టేపు నా భుజాల మీద చల్లగా తగిలింది. "కిటికీ దాకా నడవండి." నడిచాను. "ఈ నడక ఎవరు నేర్పారు, ఎద్దులా? సరే, భుజాలు కుదిరాయి. ఉండొచ్చు." గది చూడటానికి వెళ్ళినవాణ్ణి నేను. చూసింది మాత్రం ఆమె.

ఆమె తండ్రి నటుడు. సినిమాకి మాట రాని రోజుల్లో, అంతకుముందు నాటకాల్లో నటించాడు. ఆ ఇంట్లో గోడలకి ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన కోటు ఉంది. ముందు పొట్టిగా, వెనక రెండు తోకలు వేలాడే నల్లకోటు, ఇక్కడ ఫ్రాక్ అంటారు. తెల్లటి గుడ్డసంచిలో, అలమరలో ఒంటరిగా వేలాడేది. మిగతా బట్టలన్నీ కుర్చీల మీద ఉండేవి.

కోటు కథ ఆమె నోట వినాలి. ఆయన మొదట చిన్న ఊళ్ళ నాటకశాలల్లో లాంతరు పట్టుకుని వచ్చి లాంతరు పట్టుకుని పోయేవాడట. ఆ తర్వాత బెర్లిన్ వచ్చాడు. ఆ రోజుల్లో సినిమావాళ్ళు పొద్దున్నే వచ్చి మనుషుల్ని ఏరుకునేవాళ్ళట. సొంత ఫ్రాక్ లేనివాళ్ళది ఒక వరస, వాళ్ళు గుంపులో జనం. ఉన్నవాళ్ళది వేరే వరస, వాళ్ళు ప్రభువుల విందుల్లో అతిథులు, జూదశాలల్లో ధనవంతులు. ఈమె తల్లి కుట్టుమిషను అమ్మేసి ఆయన ఆ కోటు కుట్టించుకున్నాడు. తల్లి బట్టలు కుట్టే ఆ ఇల్లు నడిపేదన్న సంగతి ఆమె చివర్లో, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పింది.

"మా అమ్మ రెండు రోజులు ఏడ్చింది. నాన్న పన్నెండేళ్ళు నటించారు. ఏది ఎక్కువ, హెర్ ఇంజనీర్? లెక్కలు మీకు బాగా వచ్చు కదా."

రోజూ సాయంత్రం ఆరింటికి నాకు ఆ కోటు తొడగడం ఆమె కార్యక్రమం. ఊరికే కాదు. జర్మనీలో కొత్తగా దిగినవాడికి అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, కాకపోతే బతుకు మొదలవదు. దానికి "ఈ మనిషి మా ఇంట్లో ఉంటున్నాడు" అని ఇంటివాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితం ఆమె వంటింటి బల్ల మీద, చక్కెర డబ్బా కింద, సంతకం లేకుండా ఆరు వారాలు ఉంది. అడిగితే "ముందు నడక" అనేది. కష్టపడి సంపాదించిన టెర్మిన్లు, అంటే ఆ నమోదు ఆఫీసు అపాయింట్‌మెంట్లు, రెండు పోయాయి. ఆఫీసులో హెచ్ఆర్ అమ్మాయి మెయిల్ మీద మెయిల్ పెట్టేది. నేను మాత్రం ఒక ముసలామె వరండాలో, చచ్చిపోయిన మనిషి కోటు వేసుకుని, తలుపు దాకా నడవడం నేర్చుకుంటున్నాను.

కోటు నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. తనే సంచిలోంచి తీసి, నా వెనక నిలబడి చేతులు చాపమనేది. నాటకశాలలో దుస్తులవాళ్ళు చేసినట్టు వెనకనుంచే తొడిగేది, వెనకనుంచే విప్పేది. నేను తిరిగేలోపు సంచి తాడు ముడిపడేది. తర్వాత కుర్చీలో కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కేది.

"ఎడమ భుజం ముందు తిరగాలి. తల తర్వాత. తొందరపడకండి, మీకు మరణవార్త చెప్పారు, బస్సు వచ్చిందని చెప్పలేదు. రెండు వేళ్ళు కోటు తోక మీద. రెండే. అయ్యో, ఈ మనిషి చెంబు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు!"

నేను వెనక్కి తిరిగి చూస్తే చాలు, ఆమె గొంతు కొరడా అయ్యేది. "తిరగకండి! మీ ముఖం అంతా పాడుచేస్తోంది. మీ వీపు చాలు నాకు."

ఆ మాట నేను ఎలా విన్నానో వేరే చెప్పాలా? గోధుమరంగు ముఖం వేసుకుని రైలెక్కితే పక్కసీటు ఖాళీగా ఉండిపోయే దేశంలో, రోజూ సాయంత్రం ఆరింటికి ఒకామె నీ ముఖం వద్దు అంటుంటే ఇంకెలా వింటాను? ఇమ్రాన్ భాయ్‌తో చెప్పుకుంటే "నీ సంతకం తెచ్చుకో యార్, ముఖం సంగతి తర్వాత చూద్దాం" అనేవాడు. ఏడో వారం సంతకం పెట్టింది. అప్పటికి నడక అలవాటైపోయింది. ఇంకో ఇల్లు దొరకడమంటే గగనమే. అందుకని నడుస్తూనే ఉన్నాను. పౌరుషం ఉన్నవాడు ఆ రోజే సర్దుకునేవాడు.

ఆమె ఊతపదం ఒకటుండేది. ఏ సాకు చెప్పినా, "అది ఏ డబ్బాలో వేయాలి?" అనేది. ఇక్కడ చెత్తకి ఇంటికి నాలుగైదు రంగుల డబ్బాలు కదా. రైలు ఆలస్యమైంది అంటే, "అది కాగితాల డబ్బాలోనా, ప్లాస్టిక్ డబ్బాలోనా?" సారీ అంటే మరీ సంబరం. మా ఊళ్ళో పండగ అని స్వీటు పెడితే వాసన చూసి పక్కన పెట్టి, "ఇది మాత్రం తెలుసు, తడిచెత్త" అంది. మా అమ్మ కొరియర్లో పంపిన సున్నుండ అది.

చిన్నప్పటి సంగతి ఒక్కటే చెప్పింది. రాత్రి భోజనానికి తండ్రి కిటికీ వైపు తిరిగి నిలబడేవాడట. ఈమెకి ఆరేడేళ్ళు, వెనక కుర్చీలో కూర్చోవాలి. సూపు బల్ల మీద ఉంటుంది. ఆయన కదలకుండా నిలబడి "ఇప్పుడు ఏమిటి?" అని అడిగేవాడు. దుఃఖం, అని ఈమె చెప్పాలి. తప్పయితే గిన్నె తీసేసేవాళ్ళు. కోపం, భయం, ప్రేమ అని రోజూ ఊహించాలి.

"ఎన్ని రాత్రులు పస్తున్నారు?" అని అడిగాను.

"మొదటి ఏడాది చాలా. తర్వాత నేను తప్పు చెప్పలేదు" అంది, పతకం చూపించినట్టు. అప్పుడు నాకు జాలి వేయలేదు. తండ్రికి తగ్గ కూతురు అనుకున్నాను.

ఇంటికి ఎవరొచ్చినా చెప్పే కథ వేరే ఉంది. ఒకానొక సినిమాలో ఆమె తండ్రి ప్రభువట. కన్నకొడుకు మరణశిక్ష మీద సంతకం పెడతాడు. తెర మీద ఆయన ముఖం ఒక్కటే, తొమ్మిది లెక్కపెట్టేంత సేపు. ముందువరసలో ఒకామె మూర్ఛపోయిందట. కింది ఫ్లోరు వాళ్ళకి, గ్యాస్ మీటరు చూడటానికి వచ్చినవాడికి, అందరికీ అదే కథ, తొమ్మిది దాకా వేళ్ళు ముడుస్తూ. ఆ సినిమా ఎక్కడుంది అంటే, యుద్ధంలో కాలిపోయింది. మనవాళ్ళు ఊరికే అన్నారా, చచ్చినవాడి కళ్ళు చారెడు అని. కాలిపోయిన సినిమాలో ప్రతివాడూ మహానటుడే.

ఇక ఆ రోజు. నన్ను చదివించిన మేనమామ వరంగల్‌లో గుండె ఆగి పోయాడు. నా వీసా కార్డు ఇంకా వీసాల ఆఫీసులోనే ఉంది, వెళ్తే తిరిగి రాలేను. ఫోన్లో పాడె కదలడం చూపించారు. మధ్యాహ్నం, వంటింట్లో, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. టక్ అని చప్పుడైంది. ఆమె గుమ్మంలో నిలబడి స్టాప్‌వాచ్ ఆపింది.

"నేను వచ్చిన దగ్గర్నుంచి నలభై సెకన్లు. మా నాన్నకి ఆరు చాలు. ముఖంతో ఎవరైనా ఏడుస్తారు, హెర్ ఇంజనీర్. భుజాలతో ఏడవండి."

సాయంత్రం ఆరింటికి కోటు తొడిగి, "మధ్యాహ్నం చేసినది మళ్ళీ చేయండి, ఈసారి సరిగ్గా" అంది. నేను చేశాను. చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. మా మామయ్య చావుని కోటు వేసుకుని నటించాను. వెనకనుంచి ఆమె "బాగుంది" అంది. పద్నాలుగు నెలల్లో ఆమె నోట ఆ మాట రావడం అదొక్కసారే. ఆ క్షణం నుంచి ఆమె మీద పగ పెట్టుకున్నాను.

పగకి దారి ఇంటర్నెట్‌లో దొరికింది. కాలిపోయిందన్న సినిమా పాత కాపీ ఏదో దేశంలో బయటపడింది, దాన్ని శుభ్రం చేసి అందరూ చూసేలా పెట్టారు. పేరు ఆమె వందసార్లు చెప్పినదే. ఎస్-బాన్‌ రైల్లో ఆఫీసుకి పోతూ ఫోన్లో చూశాను. ప్రభువు ఉన్నాడు. ముఖం ఉంది, తొమ్మిది సెకన్లూ ఉన్నాయి. అది ఆ కాలం పెద్ద హీరోది, పేరు కూడా కింద వేశారు. మరి ఈమె తండ్రి? రెండోసారి చూశాను. పేకాట బల్ల దగ్గర అతిథులు. శిక్ష వార్త చదువుతారు. ఒకతను లేచి తలుపు దాకా నడిచి వెళ్ళిపోతాడు. ఎడమ భుజం ముందు, తల తర్వాత, రెండు వేళ్ళు కోటు తోక మీద. భుజాలు ఒక్కసారి కుంగుతాయి. మనకి కనిపించేది వీపే. ముఖం ఎక్కడా లేదు. ఆరు సెకన్లు.

నా నడక నేను గుర్తుపట్టకుండా ఉంటానా! నిజం చెప్పాలి, అతను బాగా చేశాడు. నాకంటే చాలా బాగా చేశాడు. దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

ఇంటికెళ్ళి ఆమెకి ఒంటరిగా చూపించి ఉండొచ్చు. అలా చేయలేదు. మూడు వారాలు కడుపులో దాచుకున్నాను, ఆమె తొంభై నాలుగో పుట్టినరోజు దాకా.

సాయంత్రం నాలుగింటికి కాఫీ, కేకు. కింది ఫ్లోరామె, ఎదురు ఫ్లాటామె, ఇమ్రాన్ భాయ్. ఎదురు ఫ్లాటామెకి తొమ్మిది వేళ్ళ కథ మళ్ళీ మొదలైంది. అయ్యేదాకా ఆగాను. అప్పుడు లాప్‌టాప్ టీవీకి తగిలించి, "మీకు నా బహుమతి" అన్నాను. "సినిమా కాలిపోలేదు. దొరికింది."

ఆమె చేయి బల్ల అంచు పట్టుకుంది.

"ఇప్పుడు వద్దు" అంది. నేను వైరు సర్దుతున్నాను. "హెర్ ఇంజనీర్. తర్వాత చూపించండి. నాకొక్కదానికే." ఆగి, గొంతు తగ్గించి, "దయచేసి" అంది.

ఆ మాట ఆమె నోట అదే మొదలు, అదే ఆఖరు. నేను విన్నాను. వినబడలేదని బొంకను. విని, ప్లే నొక్కాను.

ముఖం వచ్చింది. కింది ఫ్లోరామె చప్పట్లు కొట్టి, "అబ్బ, ఎంత అందగాడు మీ నాన్న!" అంది. ఎదురు ఫ్లాటామె కళ్ళజోడు సర్దుకుంది. "కాదు కాదు, ఇతను ఆ పెద్ద హీరో కదా, మా అమ్మ గదిలో ఫోటో ఉండేది."

"అవును," అన్నాను నేను, మర్యాదగా. "ఈవిడ నాన్నగారు ఇప్పుడొస్తారు. అదిగో, లేస్తున్నారు."

"ఏరీ? ఆ వెళ్ళిపోతున్న ఆయనా? ముఖం ఎప్పుడు చూపిస్తారు?"

"చూపించరు. అంతే." ఆగానా? ఆగలేదు. "ఆరు సెకన్లు" అన్నాను.

ఆమె ఫోర్కుతో కేకు చిన్న ముక్క కోసింది, తినలేదు. "కోటు బాగా కుదిరింది" అంది తెర వైపు చూస్తూ. తర్వాత అతిథుల వైపు తిరిగి, "ఇంకాస్త కాఫీ?" అంది.

వంటింట్లో ఇమ్రాన్ భాయ్ నా జబ్బ పట్టుకున్నాడు.

"ఏం చేసినవ్ భాయ్? తొంభై నాలుగేండ్ల మనిషి. నలుగురి ముందట గిట్ల చేస్తరా?"

"ఆమె నాకు ఏం చేసిందో నీకు తెల్వదా?"

"తెల్సు. అంతా తెల్సు." జబ్బ వదిలేశాడు. "అయినా గిట్ల చెయ్యరు."

తర్వాత ఆరింటికి ఆమె పిలవలేదు. కుర్చీలో కూర్చునేది, మెడలో స్టాప్‌వాచ్ లేదు. మొదటి రోజు నాకు హాయిగా ఉంది. రెండో రోజు గదిలోంచి బయటికి రాలేకపోయాను. నాలుగో రోజు నేనే వెళ్ళి "కోటు వేసుకోనా?" అని అడిగాను.

"ఎవరు చూడటానికి?" అంది. నా ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూసింది. "మీరు నాకంటే క్రూరులు. నేను ఎవరూ లేనప్పుడు చేసేదాన్ని."

ఆ వారంలోనే ఉత్తరాల డబ్బాలో చీటీ వచ్చింది, రిజిస్టర్డ్ ఉత్తరం, పోస్టాఫీసుకి వచ్చి తీసుకోమని. ముప్పావు గంట వరసలో నిలబడి, ఐడీ చూపించి, సంతకం పెట్టి తీసుకున్నాను. నా గదికి పది అడుగుల దూరంలో ఉన్న ఆమె, టైపు చేసి పంపిన నోటీసు. మూడు నెలల్లో గది ఖాళీ చేయాలి. కారణం రాయలేదు. ఆ మూడు నెలలు మేము వంటింట్లో గుడ్ మార్నింగ్ చెప్పుకున్నాం. అంతకుమించి ఏమీ లేదు. వచ్చేసే రోజు తాళాలు బల్ల మీద పెట్టి "నన్ను క్షమించండి" అన్నాను. ఏ డబ్బాలో వేయాలి అంటుందని ఎదురుచూశాను. అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇమ్రాన్ భాయ్ ఫోన్ పెట్టేశాక పక్కింటికి వెళ్ళి పార్సిల్ తెచ్చుకున్నాను. దాని మీద కింది ఫ్లోరామె రాసిన చీటీ ఉంది: ఇది మీకు ఇవ్వాలని ఆవిడ రాసిపెట్టారు, ఇంకేమీ చెప్పలేదు. లోపల తెల్లటి గుడ్డసంచి. తాడు ముడి ఆమెదే. నాకు విప్పడం రాక, కత్తెరతో కోశాను.

ఆ కోటుని నా చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. ముందుభాగం కొత్తదానిలా ఉంది. కాటుక నలుపు, పట్టు అంచు మెరుపు పోలేదు, గుండీలు గట్టిగా ఉన్నాయి. ఎప్పుడో కుట్టించినదంటే ఎవరూ నమ్మరు. హ్యాంగరుకి వేసి అలమరలో పెట్టబోతూ తిప్పాను.

వీపు నలుపు కాదు. ఎండకి చివికిన పాత గొడుగు గుడ్డ రంగు. భుజాల దగ్గర మరీ వెలిసిపోయింది, దారాలు తేలాయి. మెడపట్టీ ఎత్తి చూస్తే దాని కింద మాత్రం అసలు నలుపు ఉంది. సినిమా స్టూడియోలో ఆయన్ని అద్దాల కప్పు కింద, కళ్ళు మండే దీపాల ముందు నిలబెట్టేవారని ఆమె చెప్పేది. పన్నెండేళ్ళు ఆ దీపాలన్నీ ఒకే వైపు పడ్డాయి.

వేసుకున్నవాడికి ఆ వీపు కనిపించదు. పద్నాలుగు నెలలు నాకు కనిపించలేదు. తొడిగినామెకి కనిపిస్తుంది. రోజూ ఆరింటికి ఆమె కుర్చీలోంచి చూసింది దాన్నే. ఆరేళ్ళ వయసులో సూపు గిన్నె ముందు కూర్చుని చూసిందీ దాన్నే. నేను టీవీలో కొత్తగా చూపించినదేమీ లేదు. తండ్రికి ముఖం లేదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. పక్కవాళ్ళ కోసం ఆయనకి ఒక ముఖం కట్టుకుంది, తొమ్మిది వేళ్ళంత. అది ఆ పక్కవాళ్ళ ముందే పీకేశాను. దయచేసి అని అడిగినా ఆగలేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లెక్కపెట్టేవాళ్ళు లేరు. ఫోన్ మోగింది. ఇమ్రాన్ భాయ్.

"తెచ్చుకున్నవా? ఏం పంపింది భాయ్?"

"కోటు."

"అరె! అదేనా! ఇన్నేండ్ల తర్వాత ఎట్లుంది, మంచిగుందా?"

"ముందు నుంచి చూస్తే కొత్తగనే ఉంది భాయ్" అన్నాను.